ఇంట్లో చూసుకునే మనిషి గమనించిన మాట ఆస్పత్రి దాకా చేరాలంటే ఏం చేయాలి?

ప్రశ్న
రాసినవారు: సంరక్షకుల పర్యవేక్షకురాలు

అందరికీ నమస్కారం. వృద్ధులను, మంచాన పడ్డవారిని వాళ్ల ఇళ్లకే వెళ్లి చూసుకునే సంరక్షకులు 14 మంది నా పర్యవేక్షణలో పనిచేస్తున్నారు. ఈ పనిలోకి వచ్చి 11 ఏళ్లయింది. మొదటి ఆరేళ్లు నేనూ ఇల్లిల్లూ తిరిగి స్నానాలు చేయించి, పక్కబట్టలు మార్చి, మాత్రలు అందించినదాన్నే. అందుకే జరిగినదానికి ఎవరినో నిందించాలని రాయడం లేదు. ఇలాంటి చిక్కునుంచి బయటపడ్డవాళ్లు ఎవరైనా దారి చెబుతారని రాస్తున్నాను.

79 ఏళ్ల పెద్దావిడ ఒకరు ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉండి, ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చారు. శనివారం ఉదయం ఏడింటికి మా సంరక్షకుల్లో ఒక అమ్మాయి వెళ్లింది. రెండేళ్లుగా ఆ ఇంటికి వెళ్లేది తనే. మంచం పక్కన పాత మాత్రల డబ్బా ఎప్పటిలాగే ఉంది. దాని పక్కన ఆస్పత్రి నుంచి తెచ్చిన కొత్త కాగితపు సంచి. డబ్బాలోవి ఇచ్చింది, చీటీ చూసి సంచిలోవీ ఇచ్చింది. చీటీలో ఏవి వేసుకోవాలో ఉంది గాని, పాతవాటిలో ఏవి ఆపేయాలో ఎక్కడా లేదు. తర్వాత డబ్బాలోదొకటి, సంచిలోదొకటి, రెండు మాత్రల షీట్లను నేను పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి మెరిసే వెండి రంగుది, రెండోది ఎర్రగీత ఉన్న తెల్లది. ముందువైపు పెద్ద అక్షరాల్లో పేర్లు వేరు వేరు. వెనక్కి తిప్పి కిటికీ వెలుతురులో పట్టుకుంటే, చిన్న అక్షరాల్లో రెండింటి మీదా ఒకటే మందు: అమ్లోడిపిన్. రక్తపోటు మందు రెండింతలు పడుతోందన్నమాట.

ఆదివారం మా అమ్మాయి నోటుపుస్తకంలో ఇలా రాసింది: "లేచి నిలబడితే ఊగుతున్నారు. గోడ పట్టుకున్నారు. ఇదివరకు పట్టుకునేవారు కాదు." రాసి ఊరుకోలేదు. కొడుక్కి ఫోను చేసింది, ఆయన ప్రయాణంలో ఉన్నారు. చీటీ మీదున్న ఆస్పత్రి నంబరుకు చేసింది. ఒకరు ఇంకొకరికి, వాళ్లు వార్డుకు కలిపారు. వార్డులో అడిగిన మొదటి మాట, "మీరు రోగికి ఏమవుతారు?" తను నిజమే చెప్పింది: "నేను ఆవిణ్ణి చూసుకుంటానండీ." "అయితే బంధువుల చేత ఫోను చేయించండి" అని పెట్టేశారు. సోమవారం తెల్లవారుజామున పెద్దావిడ స్నానాల గది గడప దగ్గర పడిపోయారు. మణికట్టు విరిగింది. మళ్లీ అదే ఆస్పత్రి.

బుధవారం మా అమ్మాయి నా దగ్గరకు వచ్చి మానేస్తానంది. "అక్కా, నేను చూశాను. రాశాను. చెప్పాను. ఇంకేం చేయాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇలా మంచి చూపున్న మనిషి మానేయడం ఈ ఏడాదిలో మూడోసారి. జీతం తక్కువని వెళ్లేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల బాధా నాకు తెలుసు. కాని పని వచ్చి, పనిమీద ప్రేమ ఉండి, మాటకు విలువ లేక వెళ్లిపోయేవాళ్లను చూస్తే గుండె బరువెక్కుతుంది.

నేను అడిగేదిది. ఇంట్లో చూసుకునేవాళ్ల మాట డాక్టరుకో నర్సుకో చేరే పద్ధతి మీ దగ్గర ఏదైనా నడుస్తోందా? దానికి ఎవరిని ఒప్పించారు, ఎలా ఒప్పించారు? మా వాళ్లకు ఏం నేర్పాలి? మాట్లాడేందుకు పట్టే సమయానికి కూలి ఎవరిస్తున్నారు? సిద్ధాంతాలు కాదు, మీరు చేసినవి చెప్పండి. విఫలమైనవీ చెప్పండి.


జవాబు 1
రాసినవారు: వార్డు నర్సు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. "బంధువుల చేత ఫోను చేయించండి" అన్న మాట నేనూ అన్నాను. 19 ఏళ్ల ఉద్యోగంలో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఎందుకంటామో చెబుతాను. ఇది సంజాయిషీ కాదు, అడ్డు ఎక్కడుందో తెలిస్తేనే తీయగలం కదా.

ఫోనులో ఉన్నది ఎవరో మాకు తెలియదు. రోగి సంగతులు తెలియనివాళ్లకు చెప్పకూడదు. చెబితే ఉద్యోగం మీదికి వస్తుంది. ఇక ఆ ఇంట్లో సంరక్షకురాలు ఉన్నట్టు మా కాగితాల్లో ఎక్కడా ఉండదు. డిశ్చార్జి ఫారంలో భర్త, భార్య, కొడుకు, కూతురు అని గళ్లున్నాయి. రెండేళ్లుగా రోజూ చూసుకుంటున్న మనిషికి గడి లేదు. గడి లేని మనిషి ఫోను చేస్తే మాకు అపరిచితురాలే.

మా వార్డులో మార్చిన మొదటి సంగతి ఒక ప్రశ్న. ఇదివరకు ఇంటికి పంపేటప్పుడు "ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగేవాళ్లం. "అందరూ ఉంటారు" అనేవారు. ఇప్పుడు "రేపు పొద్దున మాత్ర చేతికి అందించేది ఎవరు?" అని అడుగుతున్నాం. ఈ ప్రశ్నకు "అందరూ" అని ఎవరూ చెప్పలేరు. ఒక మనిషి పేరు బయటికి వస్తుంది. ఆ పేరు, ఫోను నంబరు రాసుకుని, "ఈమెతో నా ఆరోగ్యం గురించి మాట్లాడవచ్చు" అని రోగి చేత సంతకం చేయిస్తున్నాం. రోగి స్పృహలో ఉండి తన మాట తాను చెప్పగలిగినప్పుడు, కుటుంబాన్ని కాదు, రోగినే అడగాలి. ఆ ఒక్క కాగితం ఉంటే మీ అమ్మాయి ఫోను పెట్టేయాల్సిన అవసరం ఆ నర్సుకు ఉండేది కాదు.

రెండోది మందుల చీటీ. ఇప్పుడు మూడు భాగాలుగా రాస్తున్నాం: కొత్తవి, కొనసాగేవి, ఆపినవి. అన్నింటిలోకీ ప్రాణం కాపాడేది మూడో భాగమే, రాయడానికి బద్ధకించేదీ అదే. ఇంటి నుంచి పాత మాత్రలన్నీ ఒక సంచిలో తెప్పించి, డిశ్చార్జి రోజున మంచం మీద పరిచి, ఆపినవాటిని విడిగా కట్టి పైన "వద్దు" అని రాసి ఇస్తాం. పావుగంట పడుతుంది. రద్దీ రోజున ఆ పావుగంట దొరకడం చాలా కష్టం, అబద్ధం చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల హాని తగ్గించాలని ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు చోట్ల ముందుగా దృష్టి పెట్టమంది: ప్రమాదం ఎక్కువున్న సందర్భాలు, ఒకే మనిషికి అనేక మందులు పడటం, రోగి ఒక చోటు నుంచి మరో చోటికి మారే సమయం. మీ పెద్దావిడ విషయంలో చివరి రెండూ ఒక్క శుక్రవారం సాయంత్రమే కలిశాయి.

ఇక మీవైపు నుంచి. ఫోను చేసినప్పుడు చెప్పే తీరు చాలా ముఖ్యం. ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆస్పత్రులకు వచ్చింది. నాలుగు ముక్కలు: ఇప్పుడేం జరుగుతోంది, వెనకటి సంగతి ఏమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. మా కొత్త నర్సులకూ ఇదే నేర్పుతాం. మీ అమ్మాయి ఇలా చెప్పి ఉండవచ్చు:

"ఫలానా ఆవిడ, 79 ఏళ్లు, శుక్రవారం మీ వార్డు నుంచే వచ్చారు. ఈ రోజు లేచి నిలబడితే ఊగుతున్నారు, గోడ పట్టుకుంటున్నారు. ఆస్పత్రికి రాకముందు పట్టుకోకుండా నడిచేవారు. నిన్నటి నుంచి పాత మాత్రలూ కొత్త మాత్రలూ రెండూ వేస్తున్నాను. మాత్రల వల్లేమోనని నాకు భయంగా ఉంది. రాత్రి మాత్ర వేయాలా, ఆపాలా? ఎవరినైనా అడిగి పది నిమిషాల్లో చెప్పగలరా?"

చివరి మాట చూడండి. అవతలివాళ్లు ఏం చేయాలో అందులో ఉంది. "ఊగుతున్నారండీ" అని ఆగిపోతే వినే నర్సు "అయ్యో, జాగ్రత్త" అని పెట్టేస్తుంది. పదిమంది రోగులు పిలుస్తుంటారు మరి. రోగం పేరు చెప్పమని సంరక్షకురాలిని ఎవరూ అడగరు. నిన్నటికీ ఈ రోజుకూ తేడా చెబితే చాలు, ఆ తేడా మాకెవరికీ తెలియదు. నిన్న ఆవిడ ఎలా నడిచారో మేము చూడలేదు కదా.


జవాబు 2
రాసినవారు: ఒక కూతురు

అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. నేను ఉద్యోగానికి వెళ్లాలి కాబట్టి పగలు సంరక్షకురాలే దిక్కు. పది నెలల్లో ఏడుగురు మారారు.

ఏడుగురికీ అమ్మ ఒక్కటే పాఠం చెప్పాల్సి వచ్చింది. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు. భుజం కీలు వదులుగా ఉంటుంది, లాగితే పక్కకు జారుతుంది. ఒక చెయ్యి వీపు వెనక, బొడ్డు ఎత్తున నడుముకు పట్టీ, మోకాళ్లకు అడ్డంగా తన మోకాలు, అప్పుడు లేపాలి. ఫిజియోథెరపిస్టు నాకు చూపించారు. నేను మొదటామెకు చూపించాను. ఆవిడ రెండోవారికి చూపించే అవకాశం లేకుండానే వెళ్లిపోయారు. నాలుగో మనిషి వచ్చేసరికి అమ్మకు మాట సరిగా రాక, కుడిచేత్తో తన ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపుతూ కూర్చునేది. అదే ఆమె చెప్పగలిగిన పాఠం. మనుషులు నిలవకపోతే నష్టం ఎవరికో చెప్పడానికి ఇది రాశాను.

ఒక్క విషయంలో మాత్రం నా ఆక్షేపణ ఉంది. నోటుపుస్తకం బల్ల మీద తెరిచి పెడతారు. అమ్మకు విరేచనం అయిందో లేదో, పక్క తడిసిందో లేదో వచ్చిన చుట్టాలంతా చదువుతారు. ఆమె సిగ్గుతో ముఖం తిప్పుకోవడం నేను చూశాను. నర్సుగారు చెప్పినట్టు ఎవరితో మాట్లాడవచ్చో రోగినే అడగడం సరైన పని. ఏం రాయవచ్చో, అది ఎక్కడ ఉండాలో కూడా అడగండి. మా ఇంట్లో ఇప్పుడు అది అమ్మ తలగడ కింద ఉంటుంది. అడిగితే ఆమే తీసి ఇస్తుంది.


జవాబు 3
రాసినవారు: శిక్షకురాలు, ఒకప్పటి సంరక్షకురాలు

"వాళ్లకు శిక్షణ ఇస్తే సరిపోతుంది" అనే మాట ప్రతి సమావేశంలోనూ వింటాను. శిక్షణే నా వృత్తి, అయినా ఆ మాట నాకు నచ్చదు. శిక్షణ పొందిన మనిషి నేర్చుకున్నది వాడబోతే వినేవాళ్లు లేనప్పుడు ఆ శిక్షణే ఆమెకు నరకమవుతుంది. చూడటం నేర్పి, చూసింది చెప్పే చోటు ఇవ్వకపోవడం క్రూరత్వం. మీ అమ్మాయి మానేసింది పని రాక కాదు, బాగా వచ్చు గనకే.

పడక పుండు సంగతి తీసుకోండి. మొదటి గుర్తు కనిపించేది డాక్టరుకు కాదు, స్నానం చేయించే మనిషికి. నడుం కింద ఎముక దగ్గర, మడమల దగ్గర, తుంటి పక్కన చర్మం ఎర్రబడుతుంది. వేలితో అక్కడ నొక్కి వదలాలి. ఎరుపు ఒక క్షణం తెల్లబోయి మళ్లీ వస్తే ఇంకా ఫరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలైనట్టే. పైన చర్మం చిరగలేదు గనక ఏమీ కానట్టే కనిపిస్తుంది. నల్లని ఒంటిరంగులో ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. అందుకే నేను కళ్లతో కాదు, వేళ్ల వెనకభాగంతో చూడమని నేర్పుతాను. పక్కనున్న చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, ముట్టుకుంటే ముఖం చిట్లిస్తున్నారా? ఇది తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషపు మాట నర్సుకు ఆ రోజే చేరితే ఒత్తిడి తీసే పరుపు, పక్క మార్చే వేళలు, భోజనంలో మార్పు, అన్నీ మొదలవుతాయి. పది రోజులకు చేరితే ఎముక దాకా పోయిన గాయం అవుతుంది. నేను అలాంటిదొకటి కడిగాను. ఇప్పటికీ ఆ వాసన మరిచిపోలేను.

గమనించడం నేర్పడానికి నేను వాడేది స్టాప్ అండ్ వాచ్ అనే చిన్న కాగితం. అమెరికాలో వృద్ధాశ్రమాల సహాయకుల కోసం తయారైంది. అందులో 12 గుర్తులు ఉంటాయి: మామూలుగా లేరు, మాట తగ్గింది, తిండి తగ్గింది, నీళ్లు తాగడం తగ్గింది, మూడు రోజులుగా విరేచనం లేదు, నొప్పి, కంగారు, మగత, చర్మం రంగు మారింది, లేవడానికి ఇదివరకటి కంటే ఎక్కువ సాయం కావాలి, ఇలాంటివి. వీటిలో వైద్య పదం ఒక్కటీ లేదు. "మామూలుగా లేరు" అన్న మాటకు ఒక గడి ఉండటం నాకు ఎంతో నచ్చింది. వృద్ధుల్లో ఉన్నట్టుండి అయోమయం వచ్చిందంటే వెనక ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో ఉండవచ్చు. జ్వరం కూడా రాకపోవచ్చు. ఇంట్లోవాళ్లు "వయసు కదా" అంటారు. రోజూ చూసే మనిషి "కాదు, నిన్న ఇలా లేరు" అంటుంది.

శిక్షణలో నేను పట్టుబట్టి సాధించింది ఒకటే. నర్సులు, సంరక్షకులు ఒకే గదిలో కూర్చోవాలి. మొదటి గంట ఎవరి వరసలో వాళ్లు కూర్చుంటారు. మంచం మీద ఒకరిని పడుకోబెట్టి, ఒక నర్సు, ఒక సంరక్షకురాలు కలిసి పక్క మార్చమంటాను. దుప్పటి మడత లాగేటప్పుడు ఇద్దరి చేతులూ కలవాలి, లేకపోతే పడుకున్న మనిషి జారిపోతుంది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి. ఒకరి ఫోను నంబరు ఇంకొకరు అడిగి తీసుకోవడం నేను ప్రతిసారీ చూశాను.

ఇతర దేశాల్లో ఏం చేశారని అడుగుతారు గనక నాకు తెలిసినవి రాస్తాను. జపాన్‌లో 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమా వచ్చింది. అక్కడ కేర్ మేనేజర్ అని ఒక మనిషి ఉంటారు. ఆ ఇంటికి వచ్చే సంరక్షకురాలు, నర్సు, థెరపిస్టు, కుటుంబం, అందరినీ కూర్చోబెట్టి ప్రణాళిక రాయించడం ఆ మనిషి పని. 2012 నుంచి అక్కడి సంరక్షకులు విడిగా శిక్షణ పొందితే, డాక్టరు ఆదేశాల మీద గొంతులో కఫం తీయడం, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం చేయవచ్చు. జర్మనీలో 2020 నుంచి వృద్ధుల సంరక్షణ, పిల్లల నర్సింగ్, పెద్దల నర్సింగ్ అని విడివిడిగా ఉన్న మూడు చదువులను కలిపి ఒకే మూల శిక్షణగా మార్చారు. నెదర్లాండ్స్‌లో 2006లో యోస్ డి బ్లాక్ అనే నర్సు మొదలుపెట్టిన బర్ట్‌జార్గ్ అనే ఇంటి నర్సింగ్ సంస్థలో 12 మందికి మించని చిన్న బృందాలు తమ పనిని తామే నిర్ణయించుకుంటాయి. గాయం కట్టేదీ స్నానం చేయించేదీ అదే బృందం, అందుకని మాట జారిపోయే సందు ఉండదు. కాని అది ప్రధానంగా నర్సుల బృందం. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి సంరక్షకుల మీద పెడితే బరువు పెరుగుతుంది తప్ప బలం పెరగదు.

బరువు గురించే నా హెచ్చరిక. ఆస్పత్రులతో కలిసి పనిచేయడం అనే పేరుతో ఇన్సులిన్ సూదులు, మూత్రపు గొట్టాలు, గాయాల కట్లు ఒక్కొక్కటే సంరక్షకురాలి మీదికి జరుగుతాయి. జీతం మాత్రం అక్కడే ఉంటుంది, తప్పు జరిగితే బాధ్యత ఆమెదే అవుతుంది. ఏ వైద్యపు పని అప్పగించినా మూడు సంగతులు కాగితం మీద ఉండాలని మా వాళ్లకు చెబుతాను: ఈ రోగికి ఈ పని నేర్పిన నర్సు ఎవరు, అనుమానం వస్తే ఎవరికి ఫోను చేయాలి, అదనంగా ఎంత ఇస్తారు. మూడింటిలో ఏది లేకపోయినా "నేను చేయలేనండీ" అనే హక్కు ఆమెకు ఉండాలి. అలా అన్నందుకు ఎవరూ ఆమెను తిట్టకూడదు.

కూలి సంగతి మీరు అడిగారు. మొదట దారిలో పోయే సమయాన్ని లెక్కగట్టండి. రోజుకు ఐదిళ్లు తిరిగే మనిషికి ఐదిళ్లలో గడిపిన గంటలకే డబ్బిస్తే, దారిలో గడిపిన గంటలు ఆమె సొంత జీవితంలోంచి పోతున్నాయి. బ్రిటన్ నిబంధనల ప్రకారం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లే సమయం కూడా కనీస వేతనం లెక్కలోకి వస్తుంది. ఫోనులో మాట్లాడిన సమయానికీ నోటుపుస్తకం రాసిన సమయానికీ అదే న్యాయం వర్తించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం చదువు, వైద్యం, సంరక్షణ, ఇంటి పనులు కలిపి ప్రపంచంలో 38.1 కోట్ల మంది ఈ రంగంలో ఉన్నారు. అందులో 24.9 కోట్ల మంది ఆడవాళ్లు. ఆడవాళ్లు ఎలాగూ చేసేదే కదా అనే ఆలోచన ఆ కూలి రేటులోనే దాక్కుని ఉంది.


జవాబు 4
రాసినవారు: ఇళ్లకు వెళ్లి చూసే డాక్టరు

పైన రాసినవారంతా సరిగానే చెప్పారు. డాక్టరు వైపు నుంచి ఒక కష్టం చెప్పాలి. ఒకసారి మేము ఉత్సాహంగా "ఏ తేడా కనిపించినా ఫోను చేయండి" అని సంరక్షకులందరికీ నా నంబరు ఇచ్చాం. నెల తిరిగేసరికి నేను ఫోను చూడటమే మానేశాను. నిజంగా ప్రమాదమున్న ఒక ఫోను ఆ గుంపులో కలిసిపోయింది. ఆ రోగి బతికారు, కాని ఆ సాయంత్రం ఇంకా నన్ను వెంటాడుతూనే ఉంది.

తర్వాత ఇలా మార్చుకున్నాం. మాట ముందు ఒక నర్సుకు వెళుతుంది, ఆమె పేరు అందరికీ తెలుసు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఆమె ఆ ఫోను తప్ప వేరే పని చూడదు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, ముఖం ఒకవైపు జారడం, స్పృహ తప్పడం, ఆగని రక్తం, తలకు దెబ్బ తగిలేలా పడటం, వీటికి మాత్రం ఎవరినీ అడగకుండా అత్యవసర నంబరుకే చేయాలి. వారానికోసారి 20 నిమిషాలు నేను, ఆ నర్సు, సంరక్షకుల పర్యవేక్షకురాలు కూర్చుంటాం. రోగుల పేర్లన్నీ చదవం. "ఈ వారం ఎవరి గురించి భయంగా ఉంది?" అని ఒక్క ప్రశ్నే. మొదట మాట్లాడేది పర్యవేక్షకురాలు, చివర నేను. ఈ వరస మార్చకండి. డాక్టరు ముందు మాట్లాడితే మిగిలినవాళ్లు తలూపి ఊరుకుంటారు.

ఇంకొకటి. ఫోను చేసిన సంరక్షకురాలికి తర్వాత ఏమైందో తిరిగి చెప్పండి. "మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది, మందు మొదలుపెట్టాం, మంచి పని చేశావమ్మా" అన్న రెండు ముక్కలు చాలు. మేము చాలాకాలం ఇది చేయలేదు. ఎందుకు చేయలేదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.


మళ్లీ ప్రశ్న అడిగినామె
రాసినవారు: సంరక్షకుల పర్యవేక్షకురాలు

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. చేసి చూశాకే రాయాలనుకున్నాను.

నర్సుగారు చెప్పిన ప్రశ్నను, మూడు భాగాల మందుల చీటీని కాగితం మీద రాసుకుని ఆ వార్డు పెద్ద నర్సును కలవడానికి వెళ్లాను. మొదటిసారి నిలబడే మాట్లాడి పంపించారు. రెండోసారి ఆ రెండు మాత్రల షీట్లు తీసుకువెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ రెండింటినీ వెనక్కి తిప్పారు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుర్చీ చూపించి "కూర్చోండమ్మా" అన్నారు. ఇప్పుడు ఆ వార్డు నుంచి వచ్చే ప్రతి చీటీలో "ఆపినవి" అన్న భాగం ఉంటోంది. సంరక్షకురాలి పేరు రాయడానికి అచ్చు ఫారంలో గడి ఇంకా లేదు, పక్కన ఖాళీలో చేత్తో రాస్తున్నారు.

మా వైపు ఫోను సమయానికి, రాసే సమయానికి కలిపి ప్రతి షిఫ్టుకు పావుగంట కూలి కలిపాం. యాజమాన్యాన్ని ఒప్పించడానికి శిక్షకురాలిగారి మాటలే వాడుకున్నాను. దారిలో పోయే సమయం గురించి అడిగితే ఇంకా ఆలోచిస్తామంటున్నారు, నేను వదలను. నోటుపుస్తకం ఎక్కడ ఉంచాలో ఇంటింటా వెళ్లి వాళ్లనే అడిగాను. ఒక పెద్దాయన "నేనూ ఇందులో రాయవచ్చా?" అన్నారు. ఇప్పుడు ఎడమ పేజీ ఆయనది. అమ్మ తలగడ గురించి రాసిన అమ్మాయికి నా కృతజ్ఞతలు.

నాలుగు ముక్కల్లో చెప్పడం అందరికీ నేర్పాం. వారంపాటు ఒకరికొకరు ఉత్తుత్తి ఫోన్లు చేసుకుని సాధన చేశారు. మూడో వారంలో ఒకామె ఒక పెద్దాయన మడమ వేడిగా ఉందని ఫోను చేసింది, నర్సు ఆ సాయంత్రమే వచ్చి చూశారు. చర్మం చిరగకముందే దొరికింది. డాక్టరుగారు చెప్పినట్టు తర్వాత ఏమైందో ఆమెకు తిరిగి చెప్పాను. తను ఆ కబురు మిగిలినవాళ్లందరికీ చెప్పుకుంది.

మానేసిన అమ్మాయికి ఫోను చేశాను. వేరేచోట పనిలో కుదిరింది, తిరిగి రానంది. నేను బలవంతం చేయలేదు. ఫోను పెట్టేముందు "అక్కా, ఆవిడ చెయ్యి పట్టు వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందని, ఇప్పుడు గ్లాసు పట్టుకుంటున్నారని చెప్పాను.

ఇక తెగనిది ఒకటుంది. మా వాళ్లు ఫోను చేసే ఆ నర్సుల నంబరు సోమవారం నుంచి శుక్రవారం దాకానే. ఇంటికి పంపేది ఎక్కువగా శుక్రవారం సాయంత్రమే. పెద్దావిడ విషయంలో అంతా జరిగింది ఆ తర్వాతి రెండు రోజుల్లోనే. శని, ఆదివారాల్లో మీ దగ్గర ఆ ఫోను ఎవరు ఎత్తుతున్నారు? ఆ మనిషికి సెలవు ఎప్పుడిస్తున్నారు?